వరద త్రోవలో కట్టిన యిల్లు

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 7:24–27, లూకా 12:54 మొదలు 13:5 వరకు, ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 11:27–30.

ఈ నెల పాఠములోని మొదటి భాగము మన ఆదివార బడి పిల్లలకు సైతము బాగుగా తెలిసినదే. ఇద్దరు మనుష్యులు రెండు ఇండ్లు కట్టుకొనిరి. ఒకడు బండమీద కట్టెను, ఒకడు ఇసుకమీద కట్టెను. గాలివాన వచ్చినప్పుడు ఒక ఇల్లు నిలిచినది, ఒక ఇల్లు కూలినది. పాట పాడించి, చేతులతో అభినయము చేయించి, పాఠము ముగిసినదని పిల్లలను పంపివేయుదుము. అయితే ఆ రెండవవాడు ఇసుకమీద ఎందుకు కట్టెనని ఏ పిల్లవాడైనను అడిగినచో ఏమి జవాబు చెప్పుదుము? బుద్ధిలేనివాడు గనుక కట్టెనని చెప్పి ఊరకుందుము. ఎంత బుద్ధిలేనివాడైనను ఏదో ఒక సదుపాయము కనబడనిదే సొమ్ము పెట్టి ఇల్లు కట్టడు గదా!

ప్రభువు సంచరించిన దేశములో వానలు ఇంచుమించు అక్టోబరు మొదలు ఏప్రిలు వరకు కురియును. ఎండకాలమందు వాన లేదనియే చెప్పవచ్చును. అక్కడి వాగులలో అనేకము ఆ నెలలలో చుక్క నీరు లేక ఎండిపోవును. వాగు అడుగు చదునుగా ఉండును. గాలి దెబ్బ తక్కువ. ఇసుక చేతికందునంత దగ్గర. పునాది త్రవ్వుటకు గడ్డపారతో పనియే లేదు. బండమీద కట్టువాడో, రాయి తొలువవలెను. అతడు లోతుగా త్రవ్వెనని లూకా ప్రత్యేకముగా వ్రాసియున్నాడు (6:48). అతని గోడలు నడుము ఎత్తు లేవకముందే వాగులోనివాడు కాపురము పెట్టి, పొయ్యి రాజేసి, ఎగువవానిని చూచి నవ్వుకొనియుండును. ఎండకాలమంతయు చూచినవారికి రెండు ఇండ్లును ఒక్కటే. పిమ్మట వాన వచ్చినది. వాగు ఆ ఇంటిమీద పగబట్టి రాలేదు. తన పాత త్రోవను వెదకికొనుచు వచ్చినది. ఆ త్రోవలో ఇల్లు ఉన్నది.

మన తెలంగాణ పల్లెలవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. వేసవిలో మన వాగులలో బండ్లు నడచును, పిల్లలు ఆడుకొందురు. వానకాలములో అదే వాగు ఎడ్లను బండితో కూడ ఈడ్చుకొనిపోవును.

ఈ ఉపమానమును కన్నులార చూడగోరినవారు పాలస్తీనా వరకు పోనక్కరలేదు, హైదరాబాదులోని అశోక్ నగర్ వరకు పోయిన చాలును. ఆ పేరు మన ఇండ్లలో ఇప్పుడు బాగుగా వినబడుచున్నది. మా సంఘమునుండియే నలుగురు బిడ్డలు సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకొనుటకై అక్కడ గదులు తీసికొని యున్నారు. ప్రొద్దున చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి కుర్చీ పట్టుకొందురు, మధ్యాహ్నము శిక్షణా కేంద్రమునకు పోదురు, రాత్రి నారాయణగూడ వైపు మెస్సులో భోజనము చేసి గదికి చేరుదురు. ఆ గల్లీల ప్రక్కనే ఒక పెద్ద నాలా పారుచున్నది. దాని చరిత్ర ఈ బిడ్డలలో చాలమందికి తెలియదు.

హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కుతుబ్ షా దినములలో, 1562వ సంవత్సర ప్రాంతమున, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. ప్రతి చెరువునకు కట్ట, తూము, మత్తడి ఉండునని మీకు తెలియును. చెరువు నిండి మత్తడి దుమికినప్పుడు ఆ నీరు పోవుటకు ఒక వాగు కావలెను. హుస్సేన్ సాగర్ మత్తడి వాగే ఈ నాలా. అది దోమలగూడ, గాంధీనగర్, అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడల చెంతలనుండి నల్లకుంట, గోల్నాకల వైపు సాగి మూసీలో కలియును. నల్లకుంట అను పేరే చూడుడి! కుంట పోయినను పేరు పోలేదు. పట్నములో ‘కుంట’ అనియు ‘చెరువు’ అనియు పేరుగల పేటలో ఇల్లు కొనువాడు ఆ పేరు ఎందుకు వచ్చినదో ఒకసారి విచారించుట మంచిదని మా అభిప్రాయము.

2000 ఆగస్టు 24న ముగిసిన ఒక్క రాత్రింబగళ్లలో హైదరాబాదులో 24 సెంటీమీటర్ల వాన కురిసినది. 24 సెంటీమీటర్లనగా జానెడు కంటె కొంచెమెక్కువ లోతు, అంతే గదా అని అనుకొందురేమో. ఒక ఎకరము మీద ఒక్క సెంటీమీటరు వాన పడినచో అది 40 వేల లీటర్ల నీరు. 24 సెంటీమీటర్లనగా ఎకరమునకు 9 లక్షల 70 వేల లీటర్లు. మన చేనైతే అందులో కొంత త్రాగును, గట్టు కొంత ఆపును, కుంట కొంత పట్టుకొనును. సిమెంటు నేల త్రాగదు. ఆ నీరంతయు ఒక్కసారిగా నాలాను చేరును, నాలాయేమో ఇరుప్రక్కల గోడల నడుమ సన్నబడియున్నది. ఆ దినమున అశోక్ నగర్, దోమలగూడ, హిమాయత్ నగర్ ఇండ్లలోనికి నీరు చొచ్చినది. మరల 2020 అక్టోబరు 13న అదే జరిగినది. బంగాళాఖాతములో పుట్టిన వాయుగుండము కాకినాడ దగ్గర తీరము దాటి, తెలంగాణ మీదుగా పడమరకు పోవుచు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు మించి కురిపించినది. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగినది. నాలుగు దినముల తరువాత బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగినది.

దీనికి పూర్వము 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినది. మృతులు 15 వేలని సాధారణముగా చెప్పుదురు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రదికిరి. నది ఎగువనున్న చెరువులు ఒకటి తెగి మరియొకదానిమీద పడుటచేతనే నీరు అంత ఉధృతమైనది. గొలుసుకట్టు చెరువులలో పై కట్ట తెగినచో క్రింది కట్ట నిలువదని మన నీరటికాండ్రు ఎరిగిన సంగతియే. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, పట్నమునకు ఎగువను వరద నీటిని ఆపు జలాశయములు కట్టవలెనని చెప్పిరి. ఆ మాట విన్నవారు చేసిరి. 1920లో మూసీమీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీమీద హిమాయత్ సాగర్ పూర్తియైనవి.

వినుట, చేయుట అను రెండు మాటలను ఇక్కడ గమనింపుడి. ప్రభువు ఈ ఉపమానమును తాపీపని నేర్పుటకు చెప్పలేదు. తన మాటలు విని చేయువాడెవడో, విని చేయనివాడెవడో చూపుటకు చెప్పెను. ఇద్దరును విన్నవారే! ఇసుకమీద కట్టినవాడు వాక్యము విననివాడని మనలో కొందరు తలంచుదురు. అది తప్పు. అతడును గుడిలో కూర్చుండి మనతోకూడ విన్నాడు. 2000వ సంవత్సరపు వరద తరువాత ప్రభుత్వము కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ వారిచేత నగర నాలాలను పరీక్ష చేయించగా, 2003లో వారు నాలాలను వెడల్పు చేయవలెనని నివేదిక ఇచ్చిరి. విన్నారు; చాలవరకు చేయలేదు. 2020 వచ్చినది. ఆ తరువాతనే నాలాల అభివృద్ధి పథకమొకటి పెట్టి, ఈ హుస్సేన్ సాగర్ నాలాకు ప్రక్కగోడలు కట్టు పనికి పూనుకొనిరి.

ఇక రెండవ భాగమునకు వత్తము. 2020 అక్టోబరులో వరద వార్తలు వచ్చుచున్న దినములలో మా కూడికలో ఒక పెద్దాయన, “పట్నం పాపాలు పండినయి అయ్యగారూ, దేవుడు ఊకుంటడా?” అనెను. చాలమంది తల ఊపిరి. ఇట్టి మాట మన పల్లెలలో ప్రతి గాలివాన తరువాత వినబడును. వడగండ్లు పడి పొరుగువాని మామిడితోట రాలినను, పిడుగుపడి ఎవరి బఱ్ఱె చచ్చినను, ముందు వాని పాపమును వెదకుదుము. మన తోట రాలినప్పుడో, అది శోధన!

లూకా 12:54–56లో ప్రభువు జనులతో వాతావరణమును గూర్చి మాటలాడుచున్నాడు. పడమటి మబ్బు చూచి వాన వచ్చునందురు, దక్షిణపు గాలి చూచి వడ కొట్టునందురు, అట్లే జరుగును. వారికి ఆ విద్య ఉన్నదని ఆయన ఒప్పుకొనుచున్నాడు; కాలమును మాత్రము గుర్తింపలేకున్నారని గద్దించుచున్నాడు. ఆ ప్రసంగము ముగియకమునుపే 13వ అధ్యాయము మొదలగుచున్నది. కొందరు వచ్చి పిలాతు చంపించిన గలిలయుల వార్త చెప్పిరి. ప్రభువు దానికితోడు సిలోయము గోపురము కూలి 18 మంది చచ్చిన సంగతి తానే ఎత్తి, వారు యెరూషలేములోని తక్కినవారందరికంటె దోషులనుకొనుచున్నారా అని అడిగి, కాదని తానే జవాబు చెప్పెను. అధ్యాయముల అంకెలు తరువాతివారు పెట్టినవి గనుక ఈ రెండు సంగతులు ఒకే మాటయని మనము మరచిపోవుదుము. మబ్బును చదువుము, పడినవానిమీద తీర్పు చెప్పకుము, నీ సంగతి నీవు చూచుకొనుము. ఆ పెద్దాయనకు మేము ఈ భాగమే చదివి వినిపించితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “మరి ఆ బుడగన్న గోడ ఎవలు కట్టిన్రు?” అని అడిగెను. అది మంచి ప్రశ్న. గోపురము కూలినప్పుడు చచ్చినవారి పాపమును గాక కట్టినవారి పనిని విచారింపవలెను.

ధర్మశాస్త్రములో దీనికి చోటు ఉన్నది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, ఎవడైనను అక్కడనుండి పడినచో ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22:8లో ఉన్నది. పడినవాడు చూచుకొనవలసినది అని ధర్మశాస్త్రము అనలేదు, కట్టినవానిని పట్టుకొన్నది. అదే గ్రంథము 19:14లో పూర్వికులు పాతిన హద్దురాళ్లను జరుపరాదని ఉన్నది. చెరువు శిఖమునకును హద్దురాళ్లున్నవి. వాటిని జరిపి, ఇటు చెరువును అటు కొనువానిని మోసపుచ్చి, ప్లాట్లు చేసి అమ్మినవాడు మొదటి దోషి. నాలా అంచున గుడిసె వేసికొన్న కూలివాడు వేరు. పని దొరకు చోట నిలువ నీడ మరి ఎక్కడను దొరకక, ప్రమాదమెరిగియు అక్కడ ఉన్నాడు. వానిని ఉపమానములోని బుద్ధిలేనివానితో పోల్చి ప్రసంగించు బోధకులున్నారు. మాకది సమ్మతము కాదు. 2024 జూలైలో హైడ్రా అను సంస్థ ఏర్పడి చెరువులలోని కట్టడములను తొలగింప మొదలుపెట్టినప్పటినుండి వాదములు పెరిగినవి. పక్షము పట్టుట ఈ పత్రిక పని కాదు. అయితే నీటికి త్రోవ విడువవలసినదే, త్రోవ విడిచిన బీదవానికి వేరొక చోటు చూపవలసినదే.

మబ్బును చదువుట అవిశ్వాసమని తలంచువారు ఇంకను ఉన్నారు గనుక ఒక మాట. కర్మెలు కొండమీద ఏలీయా ప్రార్థించుచునే దాసుని ఏడు మారులు సముద్రము వైపు పంపి చూపించెను. అరచేతి యంత మబ్బు కనబడగానే, వాన అడ్డగింపకమునుపే రథము కట్టి దిగిపొమ్మని అహాబుకు కబురు చేసెను (1 రాజులు 18:44). తుపాను హెచ్చరికలలో ఇది అతి ప్రాచీనమైన వాటిలో ఒకటని మేము సరదాగా చెప్పుచుందుము. ప్రార్థించిన నోటనే హెచ్చరికయు వచ్చినది. అపొస్తలుల కార్యములు 27లోనైతే పౌలు ప్రయాణము వద్దని చెప్పగా శతాధిపతి నావికుని మాట నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా వీచుట చూచి బయలుదేరిరి. తరువాత ఏమాయెనో మీకు తెలియును.

హెచ్చరిక వినుటలో ఎంత భేదమున్నదో మన తెలుగు తీరమే సాక్ష్యము. 1977 నవంబరు 19న దివిసీమను కొట్టిన తుపానులో పదివేలకు మించి జనులు చనిపోయిరి. గాలికంటె సముద్రపు ఉప్పెనయే ఎక్కువమందిని మ్రింగినది. నాగాయలంక, కోడూరు వైపు పల్లెలు కొన్ని తుడిచిపెట్టుకొని పోయినవి. 1990 మే 9న అదే కృష్ణా ముఖద్వార ప్రాంతమును దానికి తీసిపోని తుపాను తాకినది. ఈసారి లక్షలమందిని ముందుగానే తరలించియుండుటచేత మృతులు వెయ్యి లోపలనే యుండిరి. ఒడిస్సాలో 1999 పెనుతుపానున సుమారు పదివేలమంది పోగా, 2013లో ఫైలిన్ తుపానుకు దాదాపు పది లక్షలమందిని కదిలించినందున మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. గాలి తగ్గలేదు. సముద్రము మెత్తబడలేదు. మనుష్యులు విని, లేచి, నడచిరి.

ఇట్టి వానలు ఇక తరచుగా వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన కొలది సుమారు నూటికి ఏడు వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసినదానిని ఒకచోట దింపును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు విజయవాడను ముంచినదియు, మున్నేరు ఖమ్మమును ముంచినదియు మనము చూచితిమి. కాబట్టి వాతావరణ శాఖవారు పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ఇచ్చు హెచ్చరికలను సంఘ పెద్దలు చదివి చెప్పవలెను. 24 గంటలలో 20 సెంటీమీటర్లు దాటు వానను వారు అత్యంత భారీ వర్షమందురు. గుడి మైకు ఆదివారమునకు మాత్రమే ఏల?

మన పల్లెలలో నిజముగా ఎక్కువగా ప్రాణము తీయునవి పిడుగు, మట్టిగోడ, పొర్లు వాగు. పిడుగులవలన మన దేశములో ఏటా రెండు వేలమందికి పైగా చనిపోవుచున్నారు. వారిలో ఎక్కువమంది చేలలో పనిచేయువారే. ఉరుము వినబడినచో పిడుగు అందునంత దూరములోనే ఉన్నదని తెలిసికొనుడి. నాట్లు సగములో ఉన్నను లేచి పక్కా యింటికి పోవలెను, చెట్టు క్రిందికి మాత్రము పోరాదు. మూడు దినములు ముసురు పట్టి తడిసిన మట్టిగోడ ప్రక్కన ముసలివారిని, పసిబిడ్డలను పండుకొననీయకుడి. గుడి తలుపులు తెరువుడి, అది మన ప్రార్థనకు ఆటంకము కాదు. రోడ్డుమీద వాగు పొర్లుచున్నప్పుడు మోకాలి లోతేగదా అని దిగువారిని ఆపుడి. మోకాలి లోతు పరుగు నీరు బలవంతుని కాళ్లు ఎత్తివేయును, రెండడుగుల నీరు కారును తేల్చును. ఆ నీటి క్రింద రోడ్డు ఉన్నదో కోసుకొనిపోయినదో ఎవరికిని కనబడదు.

చివరి భాగములో అగబు అను ప్రవక్త గొప్ప కరవు రానున్నదని చెప్పగా, అంతియొకయలోని శిష్యులు యూదయలోని సహోదరులకు ఎవరి శక్తికొలది వారు సొమ్ము పంప నిశ్చయించుకొనిరి. కరవు ఎవరి పాపమువలన వచ్చుచున్నదని వారు అడిగినట్లు వ్రాయబడలేదు. ఎవరిచేత పంపిరో మాత్రము వ్రాయబడినది: బర్నబా, సౌలు. నమ్మకమైన చేతులు ముఖ్యమన్నమాట. వరద బాధితులకు మనము పంపు మూటలలో చినిగిన చీరలు, పనికిరాని చొక్కాలు ఎక్కువగా ఉండునని ఆ మూటలు విప్పినవారు చెప్పుదురు. నీరు తీసిన యింటిలో మొదట కావలసినవి త్రాగునీరు, బ్లీచింగు పొడి, పారలు, బక్కెట్లు, బురద ఎత్తుటకు రెండు చేతులు. బియ్యముకంటె ముందు వంటచెరకు గాని గ్యాసు గాని కావలెను, తడిసిన పొయ్యిమీద బియ్యము ఉడకదు. ఆ తరువాత తడిసిపోయిన రేషను కార్డు, పట్టాదారు పాసు పుస్తకము, మార్కుల మెమోల కొరకు కార్యాలయముల చుట్టు తిరుగుటకు చదువుకొన్నవాడొకడు తోడు కావలెను. మన యౌవనస్థుల సంఘము ఈ పని చేయగలదు.

2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో వాననీరు ఒక శిక్షణా కేంద్రపు సెల్లారులోనికి దూకి, అక్కడి గ్రంథాలయములో చదువుకొనుచున్న ముగ్గురు విద్యార్థులు మరణించిరి. మన బిడ్డలవలెనే వారును ఊళ్లనుండి పరీక్షలకై వచ్చినవారు. అశోక్ నగర్‌లో, చిక్కడపల్లిలో బిడ్డలున్న తలిదండ్రులు ఈ వారమే ఫోను చేసి అడుగవలెను: గది ఏ అంతస్తులో ఉన్నది? నాలాకు ఎంత దూరము? 2020లో ఆ గల్లీలో నీరు ఎంత ఎత్తు వచ్చినదని ఇంటివారిని అడిగినావా? చదువుకొను హాలు నేలకు దిగువనున్నదా? ఉన్నచో బయటికి మెట్లు ఎన్ని, తలుపులు ఎన్ని, కరెంటు పోయినప్పుడు ఆ తలుపు చేతితో తెరువవచ్చునా? అద్దె తక్కువయని సెల్లారులో దిగిన బిడ్డ ఉన్నచో, పై అంతస్తుకు మారుటకు కావలసిన ఆ కొద్ది సొమ్ము తలిదండ్రులవద్ద లేకపోయినను సంఘపు పెట్టెలో ఉండవచ్చును. పెద్దలు వచ్చే కమిటీలో మాటలాడుకొందురు గాక.